నలభై మూడో కొక్కెం

హాస్టలు నిబంధనావళిలో ఆరో అంశం ప్రకారం, బోర్డు మీద తాళంచెవి వేలాడుతోందంటే ఆ గదిలో మనిషి లేదని అర్థం. తమీలా హ్నాతివ్నా ముప్పై నాలుగేళ్ళపాటు పిల్లలకు రేఖాగణితం చెప్పింది. ఒక వాక్యంలో ‘కనుక’ అనే మాట ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ కూలుతుందో ఆమెకు తెలుసు. ఆరో అంశంలో అది కూలుతుంది. గదికి ఇద్దరు మనుషులు, గదికి ఒక్కటే తాళంచెవి. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూసే ఓపిక ఆ నిబంధన రాసినవారికి లేకపోయింది.

తొమ్మిదో గని హాస్టలుకు ఐదంతస్తులు. యుద్ధానికి ముందు అందులో మగవాళ్ళుండేవారు. వాళ్ళిప్పుడు నలభై కిలోమీటర్ల అవతల కందకాల్లో ఉన్నారు, లేదా మరెక్కడా లేరు. వాళ్ళ మంచాల మీద ఇప్పుడు నలభై ఆరుగురు ఆడవాళ్ళు పడుకుంటున్నారు, చాలామంది వాళ్ళ బదులు గనిలోకి దిగుతున్నారు. గదికి రెండు ఇనప మంచాలు, ఒక బల్ల, అద్దాలు పోయిన కిటికీలకు కొట్టిన ప్లైవుడ్ చెక్కలు. మంచాల కింద ఉప్పునీళ్ళలో ఊరుతున్న టమాటా సీసాలు. మెట్ల దగ్గర తాళ్ళ మీద ఎంత ఉతికినా నల్లటి నీరే కారే గని బట్టలు. తలుపుల దగ్గర తమీలా కూర్చునే బల్ల, దాని వెనక గోడకు ఆ బోర్డు. ఆమె సొంత ఊళ్ళో ఆమె పాఠం చెప్పిన బడి లేదు, బడి ఉన్న వీధీ లేదు. అరవై మూడేళ్ళ వయసులో ఆమెకు దొరికింది ఈ కాపలా కుర్చీ.

బోర్డులోని లోపానికి విరుగుడు కనిపెట్టింది నోన్నా. నలభై మూడో గది మనిషి. కిందికి దిగేవాళ్ళకు దీపాలూ బిళ్ళలూ ఇచ్చే గని దీపాల గదిలో ఇరవై ఏళ్ళు పనిచేసి, మగవాళ్ళు పోయాక కిందికి దిగి నీళ్ళ పంపులు నడుపుతోంది. కిందటి అక్టోబరులో ఒకరోజు బల్ల మీద మోచేతులానించి బోర్డును ఎగాదిగా చూసింది.

“టీచరమ్మా, మీ లెక్క తప్పు. గనిలో గదుల్ని లెక్కపెట్టరు, మనుషుల్ని లెక్కపెడతారు. మనిషికో బిళ్ళ. దిగేటప్పుడు జేబులో, పైకొచ్చాక బోర్డు మీద. బోర్డు మీద బిళ్ళ లేదంటే మనిషి కిందుందన్నమాట. షిఫ్టు దాటినా బిళ్ళ రాకపోతే వెతకడానికి పోతారు. బిళ్ళ లేకుండా దిగినదాని కోసం ఎవరొస్తారు? దయ్యాలొస్తాయి.”

“ఇది గని కాదు నోన్నా.”

“కూలితే ఇదీ గనే.”

 ఆ ఆదివారం వాళ్ళిద్దరూ కూర్చుని టమాటా సీసాల తగరపు మూతలకు మేకుతో గది నంబర్లు పొడిచారు. ఒకే గదిలో ఇద్దరికి తేడా తెలియడానికి ఒకరి మూత మీద ఒక చుక్క, ఇంకొకరి మూత మీద రెండు చుక్కలు. మనిషి హాస్టలు లోపలుంటే మూత ఆమె జేబులో ఉంటుంది. బయటికి పోతే కొక్కేనికి ఉంటుంది. నలభై ఆరు మూతలు, నలభై ఆరుగురు మనుషులు. ఐదు నెలలపాటు ఆ బోర్డు అబద్ధం చెప్పలేదు.

మార్చి మొదటి సోమవారం గృహవసతి ఉపాధికారి ఎడ్వార్డ్ క్లిమెంతియోవిచ్ వచ్చాడు. కోటు గుండీలు విప్పకుండానే బోర్డు ముందు నిలబడ్డాడు.

“ఏమిటీ సంత?”

“ఎవరు లోపలున్నారో, ఎవరు బయటున్నారో చెప్పే ఏర్పాటు సార్.”

“అది చెప్పడానికి తాళంచెవులున్నాయి. శుక్రవారం విదేశీ దాతలు వస్తున్నారు. వాళ్ళు చూడాల్సింది హాస్టలునండీ, పచ్చళ్ళ కొట్టును కాదు.”

“గదికి రెండో తాళంచెవి ఇప్పించమని మూడు అర్జీలు పెట్టాను. సెప్టెంబరు పన్నెండున, నవంబరు నాలుగున, జనవరి ఇరవైన.”

“జవాబు ఇచ్చాం కదా.”

ఇచ్చారు. ‘ఆస్తుల పట్టికలో గదికి ఒక తాళంచెవి మాత్రమే నమోదై ఉన్నందున తమ కోరిక పరిశీలనార్హం కాదు.’ ఆ కాగితం తమీలా సొరుగులోనే ఉంది. మడత కూడా చెదరలేదు.

ఆమె మూతలను తీసి ఒక బిస్కెట్ల డబ్బాలో పోసి బల్ల కింది అరలో పెట్టింది. ఆజ్ఞను పాటించింది. ఈ మాట తర్వాత తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది, తనను క్షమించుకోవడానికి మాత్రం కాదు. ఆడవాళ్ళు గొడవ చేస్తారనుకుంది. ఎవరూ నోరెత్తలేదు. అదే వింతగా తోచింది. మరో రెండు రోజుల్లో డబ్బా మూత ఒకటి రెండుసార్లు పక్కకు జరిగి కనిపించింది. సీసాలకు పెట్టుకోవడానికి ఎవరో తమ మూత తీసుకుపోయి ఉంటారనుకుంది. మార్చి నెలలో టమాటాలు ఎవరు ఊరబెడతారన్న ప్రశ్న కూడా వచ్చింది. వచ్చినదాన్ని వెంబడించలేదు.

గురువారం ఉదయం ఎనిమిదీ ఇరవైకి ఒరీస్యా రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చింది. నోన్నా గదిలోనే ఉండే అమ్మాయి. ఇరవై మూడేళ్ళు. రెండేళ్ళ కిందటి దాకా పెళ్ళి రొట్టెల మీద పిండితో పిట్టలు చేసేది, ఇప్పుడు బెల్టు మీదినుంచి జారిపడిన బొగ్గును పారతో మళ్ళీ బెల్టు మీదికి ఎత్తుతుంది. కనురెప్పల అంచున కాటుకలాంటి నల్లటి గీత ఎంత కడిగినా పోదు.

“టీచరమ్మా, మా అమ్మ పార్శిల్ పంపింది. పోస్టాఫీసు పదకొండింటికి తెరుస్తారట. లేస్తే పోతా, లేవకపోతే రేపు.”

“ఈ రెంటిలో ఏది?”

“కళ్ళనడగండి, నన్నెందుకడుగుతారు? సైరన్ మోగినా లేపకండి. పెళ్ళికొడుకొస్తే మాత్రం లేపండి.”

“చెవుల్లో అంత మైనం కుక్కుకుంటే ఆ పెళ్ళికొడుకు తలుపు విరగ్గొట్టాల్సిందే.”

“విరగ్గొట్టనివ్వండి. ఎటూ అది మూసుకుంటే కదా.”

అది నిజమే. శరత్కాలంలో పక్క వీధిలో పడిన బాంబు తాకిడికి నలభై మూడో గది తలుపు చట్రం వంకర తిరిగింది. తాళం తిప్పితే తప్ప ఆ తలుపు నిలవదు, గాలికి కొట్టుకుంటూనే ఉంటుంది. వడ్రంగి కోసం పెట్టిన అర్జీ వేరే సొరుగులో ఉంది. మధ్యాహ్నం షిఫ్టుకు పోవాల్సిన నోన్నా పైన గదిలోనే ఉన్నందున కొక్కేనికి తాళంచెవి లేదు. తమీలా చెత్తబుట్ట బయట పెట్టి వచ్చేసరికి ఒరీస్యా చేతులూపుకుంటూ మెట్లెక్కుతోంది.

పదకొండూ ఇరవైకి తాగునీళ్ళ బండి వచ్చింది. తమీలా పెరట్లోకి వెళ్ళి పీపాలు లెక్కచూసి సంతకం పెట్టింది. తిరిగి వచ్చేసరికి నలభై మూడో కొక్కేనికి తాళంచెవి వేలాడుతోంది, గని బస్సు మలుపు తిరుగుతోంది. నోన్నా షిఫ్టుకు పోయింది కనుక, పార్శిల్ కోసం ఒరీస్యా కూడా పోయింది కనుక, గది ఖాళీ. పదమూడేళ్ళ పిల్ల ఇలాంటి నిరూపణ రాసుకొస్తే ఆమె ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసేది. తనది తాను కొట్టేసుకోలేదు.

పదకొండూ నలభై ఎనిమిదికి సైరన్ మోగింది. ఆమె గంట కొట్టింది. పైనుంచి ఆడవాళ్ళు దుప్పట్లతో, ఫోన్లతో, సగం తాగిన టీ గ్లాసులతో దిగివచ్చారు. ఒక్కొక్కరే తాళంచెవి తగిలించి నేలమాళిగలోకి పోయారు. కొక్కేలన్నీ నిండాయి. తమీలా అందరికంటే చివర దిగి తలలు లెక్కపెట్టింది. పదిహేడు.

పదకొండూ యాభై ఏడుకు అది పడింది.

చప్పుడు ముందు పాదాలకు తెలిసింది, తర్వాత చెవులకు. దీపం ఆరి వెలిగింది. కప్పునుంచి సున్నం పెళ్ళలు జుట్టు మీద రాలాయి. చీకట్లో ఒకామె ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయింది. క్యాంటీన్ వంటమనిషి లుకేరియా గొంతు వినిపించింది. “ఏమే, ఎవరి మోచెయ్యే ఇది? నా పక్కటెముకలు నాకు కావాలి.” ఎవరో ఏడుపుగొంతుతో నవ్వారు. తమీలా మళ్ళీ లెక్కపెట్టింది. పదిహేడు.

పైకి వచ్చేసరికి హాస్టలు తూర్పు కొస లేదు. మూడు, నాలుగు అంతస్తుల మధ్య మెట్ల వరస గోడనుంచి విడిపోయి వేలాడుతోంది. నాలుగో అంతస్తు కిటికీ చెక్కల సందుల్లోంచి బూడిదరంగు పొగ. తలుపు దగ్గరి బోర్డు మాత్రం వెంట్రుకవాసి కూడా వంగలేదు. నిండుగా, సిగ్గులేకుండా వేలాడుతోంది.

రక్షక దళం బండి ఆరు నిమిషాల్లో వచ్చింది. దళపతి యారెమా పొట్టి మనిషి, కనుబొమలు కాలిపోయి ఉన్నాయి. బోర్డు ఎలా చదవాలో అతనికి తెలుసు. గని హాస్టళ్ళేవీ అతనికి కొత్తకాదు.

“అమ్మగారూ, అన్ని తాళంచెవులూ ఉన్నాయే. పైన ఖాళీయేగా?”

“కిందున్న పదిహేడుగురూ వచ్చారు. ఇరవై ఎనిమిదిమంది షిఫ్టులో ఉన్నారు. ఒకామె సంగతి తెలియడం లేదు.”

“తెలియకపోవడమంటే?”

“పోస్టాఫీసుకు పోతానంది. లేస్తే.”

“ఫోన్ చెయ్యండి.”

చేసింది. ‘అందుబాటులో లేరు.’ దాడి జరిగితే ఆ వీధిలో ఎవరి ఫోనూ అందుబాటులో ఉండదు. పోస్టాఫీసు లైను మోగనే లేదు. నోన్నా ఆరువందల మీటర్ల లోతున ఉంది, ఆమెను అడగడానికి ఏ తీగా లేదు.

“ఆ పిల్ల మంచం దిగదు, నేనెరుగుదును,” అంది ఒకామె. “పొద్దున్నే పార్శిల్ పార్శిల్ అని పాట పాడింది, పోయే ఉంటుంది,” అంది ఇంకొకామె.

యారెమా ఇద్దరి వైపూ చూడలేదు, గడియారం వైపు చూశాడు. “అమ్మా, వినండి. వాళ్ళు రెండో బాంబు పంపుతారు. మా బండి ఇక్కడికి చేరిందని లెక్క వేసుకుని పంపుతారు. ఇరవై నిమిషాలు, ఎక్కువైతే ముప్పై. పోయిన నెల ఖాళీ ఇంట్లోకి ఇద్దర్ని ఎక్కించి ఇద్దర్నీ పోగొట్టుకున్నాను. మనిషి ఉందంటే ఎక్కుతాం, పొగా చూడం, మెట్లూ చూడం. లేదంటే నా వాళ్ళను వెనక్కి తీస్తాను. ఉండొచ్చు, పోయుండొచ్చు అంటే నాకు కుదరదు. ఉందా, లేదా?”

  జీవితమంతా ఆమె ‘తెలియదు’ అన్న జవాబును గౌరవించింది, పిల్లలు నిజాయితీగా ఆ మాట అంటే సగం మార్కులిచ్చింది. ఇక్కడ సగం మార్కులు లేవు. ఉందని చెప్పి లేకపోతే ఈ కుర్రవాళ్ళు. లేదని చెప్పి ఉంటే ఆ పిల్ల.

“ఆడవాళ్ళందరూ రోడ్డు దాటండి! బడి హాలులోకి!” అని యారెమా అరిచాడు. గుంపు కదిలింది. అందరికంటే ముందున్న లుకేరియా బల్ల పక్కగా పోతూ, ఎందుకో నడుం వంచి, కింది అరలోకి చెయ్యి పెట్టింది. తగరం మీద తగరం పడిన చిన్న చప్పుడు.

“ఏమిటది?” అంది తమీలా.

లుకేరియా దొంగతనం చేస్తూ పట్టుబడినదానిలా నిలబడిపోయింది. “మూత, టీచరమ్మా. బయటికి పోతున్నాగా.”

“ఎవరు వెయ్యమన్నారు?”

“ఎవరూ అనలేదు. మేమసలు మానలేదు. మీరు నీళ్ళకో, చెత్తకో లేచినప్పుడు వేసేవాళ్ళం, తీసుకునేవాళ్ళం. మీకు తెలిస్తే ఆ దొరగారు మీ కుర్చీ లాగేస్తాడని చెప్పలేదు. బిళ్ళ లేకుండా లోపలికెలా పోతామమ్మా?”

“అందరూనా?”

“అందరం.”

“ఒరీస్యా?”

“ఆ పిల్ల ప్రార్థనైనా మరుస్తుందిగానీ మూత మరవదు.”

తమీలా బల్ల కిందికి వంగి డబ్బా తీసింది. బల్ల మీది సున్నాన్ని మోచేత్తో తుడిచి దాన్ని బోర్లించింది. యారెమా ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు.  పదిపదిగా పేర్చింది. పది, ఇరవై, ఇంకో తొమ్మిది. షిఫ్టులో ఉన్న ఇరవై ఎనిమిది, లుకేరియాది ఒకటి. ఒరీస్యా బయట ఉంటే ముప్పై ఉండాలి. నలభై మూడు అంకె ఉన్న మూతను వెతికింది. ఒక్కటే ఉంది. ఒకే చుక్క. నోన్నాది.

“నలభై మూడులో మనిషి ఉంది,” అంది.

“తాళంచెవి కొక్కేనికుంది కదమ్మా!”

“బయటినుంచి తాళం వేశారు. చట్రం వంకర, తలుపు కొట్టుకుని ఆమె నిద్ర చెడకుండా వేశారు. తాళంచెవి బయటికి తీసుకుపోతే ఒక రోజు జీతం కోస్తారు కనుక ఇక్కడ తగిలించారు. నాలుగో అంతస్తు, ఎడమనుంచి మూడో తలుపు.”

“ఈ డబ్బా మూతల్ని నమ్మి మనుషుల్ని ఎక్కించమంటారు.”

“వాటిని పొడిచింది దీపాల గది మనిషి. మీ నాన్నగారు ఏం చేసేవారు?”

 ఈ ఊళ్ళో ఎవరి తండ్రైనా చేసేది ఒకటే, బిళ్ళ జేబులో వేసుకుని గనిలోకి దిగడం. యారెమా కొక్కెం నుంచి తాళంచెవి లాక్కుని బయటికి నడుస్తూ అరిచాడు. “నిచ్చెన! నాలుగో అంతస్తు నడవా కిటికీకి! గొడ్డలి కూడా తెండి, ఆ చట్రం మనకు మర్యాద చెయ్యదు!”

తమీలాను రోడ్డు దాటించడానికి ఒక కుర్రవాడు చెయ్యి పట్టుకున్నాడు. ఆమె దాటింది. బడి గోడ పక్కన నిలబడి చూసింది. నిచ్చెన మీద ఇద్దరు, కిటికీలో ఒకరు, తర్వాత పొగలో ఎవరూ లేరు. పన్నెండూ పద్నాలుగు. ఆకాశం శుభ్రంగా ఉంది. ఆ శుభ్రతను ఆమె అసహ్యించుకుంది. మూతలు చూసి చెప్పింది నిజమైతే సరే. ఆ పిల్ల ఇవాళ ఒక్కరోజు మరిచిపోయి జేబులో మూత వేసుకునే పోస్టాఫీసుకు పోయి ఉంటే? వీధి మలుపులో ఎవరైనా ఆడమనిషి పార్శిల్ పట్టుకుని వస్తోందేమోనని చూసింది. రాకూడదని కోరుకుంది. అలా కోరుకుంటున్నానని తెలిసి చూపు మళ్ళీ కిటికీ వైపు తిప్పుకుంది. పన్నెండూ పంతొమ్మిది. లోపల గొడ్డలి దెబ్బలు వినిపించాయి. ఆగిపోయాయి. మళ్ళీ వినిపించలేదు. పన్నెండూ ఇరవై మూడు.

కిటికీలోంచి ముందు ఒక దుప్పటి మూట వచ్చింది. మూటకు కాళ్ళున్నాయి.

స్ట్రెచరు మీద ఒరీస్యా ముఖం పిండి పూసినట్టుంది. కుడి చెవినుంచి రక్తం సన్నగా మెడ మీదికి కారుతోంది, ఎడమ చెవిలో మైనం అలాగే ఉంది. తన గొంతు తనకు వినపడనందున కేకలు వేస్తోంది.

“టీచరమ్మా! నిజంగానే తలుపు విరగ్గొట్టాడు! పొట్టిగా ఉన్నాడు, నాకొద్దు!”

యారెమా దగ్గుతూ, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నవ్వుతున్నాడో ఉమ్ముతున్నాడో తెలియకుండా ఉన్నాడు.

అంబులెన్సు తలుపు మూయబోతుంటే ఆ పిల్ల పిడికిలి విప్పింది. అరచేతిలో తగరపు మూత, నలభై మూడు, రెండు చుక్కలు. అంచు గుచ్చుకుని చెయ్యి కోసుకుపోయింది.

“బయటికి పోతున్నాగా,” అంది. “తగిలించండి.”

రెండోది రాలేదు. ఆ మధ్యాహ్నమంతా దాని కోసం ఆకాశం వైపు చూస్తూనే ఉన్నారు. ఎవరూ కూర్చోలేకపోయారు.

మూడింటికి ఎడ్వార్డ్ క్లిమెంతియోవిచ్ బడి హాలుకు వచ్చాడు. అప్పటికి తమీలా దళం కుర్రవాడొకడి చేత హాస్టలు బోర్డు మరలు విప్పించి, దాన్ని హాలు గుమ్మం పక్కన కుర్చీకి ఆనించి పెట్టించింది. తాళంచెవులు లేవు. మూతలున్నాయి. హాలులోకి వచ్చే ప్రతి ఆడమనిషీ ముందు బోర్డు దగ్గర ఆగి తన మూత తీసుకుని జేబులో వేసుకుంటోంది.

“ఒక మనిషిని లోపల పెట్టి తాళం వేశారు,” అన్నాడాయన. “ఇది నేరం. పైవాళ్ళు అడుగుతున్నారు. రాతపూర్వకంగా ఇవ్వండి. ఎవరు వేశారో పేరు స్పష్టంగా ఉండాలి.”

ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని నాలుగు వాక్యాలు రాసింది. తన మూడు అర్జీల తేదీలు, వడ్రంగి అర్జీ తేదీ, ఆరో అంశం పూర్తి పాఠం, మూతలు తీయించిన రోజు. తాను ఆ ఆజ్ఞను పాటించానన్న సంగతి కూడా రాసింది. ఆయన రెండుసార్లు చదివాడు.

“పేరేదండీ?”

“ఉంది. ఆరో అంశం కింద సంతకం ఎవరిదో ఆ పేరే.”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “రేపు దాతలు వస్తున్నారు. ఈ తగరపు ముక్కలు వాళ్ళ కంట పడితే...”

“పడనివ్వండి. వాళ్ళకూ తలొకటి పొడిచి ఉంచుతాను. లోపలికి వచ్చేవారు ఎవరైనా తీసుకునే రావాలి. మీరు తీసుకోలేదు సార్, గమనించారా?”

ఆయన గుమ్మానికి అవతల నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

ఆరున్నరకు గని బస్సు వచ్చింది. హాస్టలు మీద పడిందని దారిలో చెప్పారట, ఎవరికేమైందో చెప్పలేదట. దిగినవాళ్ళు పరుగెత్తారు. నోన్నా పరుగెత్తలేదు. రోడ్డుకు అవతల సగం హాస్టలును చూసి, మెల్లగా వచ్చి, తమీలా ముఖం వైపు చూడకుండా, నేరుగా బోర్డు దగ్గరికి పోయింది. నలభై మూడో కొక్కేనికి రెండు మూతలు వేలాడుతున్నాయి. రెండు చుక్కల మూతను వేలితో తాకింది. అంచున రక్తం ఎండి ఉంది.

“బయటుంది,” అంది. అడగలేదు, చదివింది.

“బయటే ఉంది. జిల్లా ఆసుపత్రిలో. కుడి చెవికి వినిపించదంటున్నారు. నోటికేమీ కాలేదు.”

నోన్నా బోర్డు పక్కన నేల మీద కూర్చుండిపోయింది. “తాళం వేసింది నేనే టీచరమ్మా. తలుపు కొట్టుకుంటుంటే పిల్ల ఉలిక్కిపడి లేస్తోందని. మీకు చెప్పిపోదామని నిలబడ్డాను. మీరు లేరు. బస్సువాడు హారన్ కొట్టాడు.”

“నీళ్ళ బండి దగ్గరున్నాను.”

“మూత ఉంది కదా, చాలులే అనుకున్నాను.”

“చాలింది,” అంది తమీలా.

కాసేపటికి నోన్నా లేచి, ఒక చుక్క ఉన్న తన మూతను తీసి జేబులో వేసుకుని హాలులోకి పోయింది. తమీలా కుర్చీ జరుపుకుని బోర్డుకు ఎదురుగా కూర్చుంది. రాత్రి షిఫ్టువాళ్ళు బయల్దేరే దాకా మిగతా కొక్కేలన్నీ ఖాళీ. నలభై మూడోదానికి మాత్రం ఒక మూత వేలాడుతోంది. తలుపు తెరిచినప్పుడల్లా గాలికి కొద్దిగా తిరుగుతోంది. ప్రతిసారీ ఆమె కళ్ళెత్తి, అది అక్కడే ఉందని చూసుకుంటోంది.